బిరడా బరువు గాజు మీద మోపకండి

‘ఓపెనర్ లేకపోతే ఏమైంది, కాలికి బూటు ఉందిగా!’ వైన్ సీసా చేతికొచ్చి కార్క్‌స్క్రూ ఎక్కడా కనిపించనప్పుడు ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే మాట. సీసా అడుగును బూటులో దూర్చి గోడకేసి కొట్టు, బిరడా దానంతటదే బయటికొస్తుంది. బూటు లేదా, తువ్వాలు చుట్టు. అదీ వద్దంటే సైకిల్ పంపు సూది గుచ్చి గాలి కొట్టు. లైటరుతో మెడ కాల్చు. కూరగాయల కత్తి దింపి తిప్పు. ఫోనులో అర నిమిషం వీడియో చూస్తే చాలు, ఎవరైనా చేసేయొచ్చని నమ్మకం. చేసినవాడికి చప్పట్లు. పనిముట్టు కావాలని అడిగినవాడికి మాత్రం ‘నీకెందుకయ్యా అంత రాజసం’ అని ఎత్తిపొడుపు.

ఈ నమ్మకం మొదలంటా తప్పు. హోటల్ పనిలో చేరే పిల్లలకు సీసా తెరవడం నేర్పే పని నాది. వాళ్లలో ఎవరో ఒకరు ప్రతిసారీ ఈ బూటు విద్య గురించి అడుగుతారు, కొందరు చేసి చూపిస్తామని కూడా ముందుకొస్తారు. వాళ్లను ఆపి ఊరుకుంటే చాలదని, కారణం కూడా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో మర్యాదల గొడవ ఏమీ లేదు. ఉన్నదల్లా ఒకటే ప్రశ్న. సీసాను తెరిచేటప్పుడు మనం పెట్టే బలం ఎవరి మీద పడుతోంది, బిరడా మీదా, గాజు మీదా?

ముందు బిరడా సంగతి చూద్దాం. మామూలు వైన్ సీసా మెడ లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందులోకి ఎక్కించే అసలైన కార్కు బిరడా వ్యాసం 24 మిల్లీమీటర్లు. తనకంటే సన్నని సందులో దాన్ని నలిపి కూర్చోబెడతారన్నమాట. కార్క్ ఓక్ చెట్టు బెరడు అది. లోపలంతా గాలి నిండిన, జీవం లేని కణాలు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మ గీసిన చిన్న చిన్న గదులు ఈ బెరడులోవే. నలిపితే ఆ గదుల్లో గాలి నలుగుతుంది, వదిలితే మళ్లీ విచ్చుకోవాలని చూస్తుంది. సీసాలో ఉన్నన్నాళ్లూ బిరడా గాజును చుట్టూ నెడుతూనే ఉంటుంది. ఆ పట్టు ఉంది కాబట్టే వైన్ ఏళ్ల తరబడి నిలవ ఉంటోంది. ఆ పట్టు విడిపించాలంటే మామూలుగా 20 కిలోల నుంచి 40 కిలోల దాకా బలం కావాలి. బొటనవేలంత మూతను కదపడానికి ఇంట్లో బియ్యం బస్తా ఎత్తినంత బలం పెట్టాలి.

అంత బలం ఎక్కడో ఒకచోట పడాల్సిందే. దాన్ని తెలివిగా పడేట్టు చేసేదే కార్క్‌స్క్రూ.

వెయిటర్లు జేబులో పెట్టుకునే మడత ఓపెనర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. 1882లో కార్ల్ వీంకె అనే జర్మన్ పేటెంట్ తీసుకున్న నమూనా అది. ఈనాటికీ దాని రూపం పెద్దగా మారలేదు. ఒక చివర చిన్న కత్తి, నడుమ మరతీగ, రెండో చివర సీసా పెదవి మీద ఆనే మెట్టు. మంచి మరతీగకు మధ్యలో ఖాళీ ఉంటుంది, అగ్గిపుల్ల నిలువుగా దూరేంత ఖాళీ. అందుకే అది బిరడాను చీల్చకుండా దారి చేసుకుంటూ దిగుతుంది. మా పిల్లలకు నేను చెప్పే వరస ఇది. సీసాను బల్ల మీదే ఉంచు, ఒళ్లో పెట్టుకోకు. మెడ మీది రేకును పెదవి కింది అంచు దగ్గర చుట్టూ కోసి తీసెయ్. గుడ్డతో తుడువు. మర మొనను బిరడా నడిమధ్యన కాకుండా కాస్త పక్కన ఆనించు, అప్పుడే చుట్టు తిరిగేసరికి తీగ మొత్తం మధ్యకు వస్తుంది. నిటారుగా తిప్పు. ఒక చుట్టు బయట ఉండగానే ఆపు, లేకపోతే బిరడా అడుగు చిల్లుపడి పొట్టు వైన్‌లో రాలుతుంది. మెట్టును పెదవి మీద ఆనించి పిడిని పైకెత్తు. సగం వచ్చాక రెండో మెట్టుకు మార్చు. చివరి అర అంగుళం చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ చప్పుడు లేకుండా తియ్.

ఇక్కడ బలం ఎటు పోతోందో చూడండి. బిరడాను మరతీగ పైకి లాగుతోంది. ఆ లాగుడుకు ఎదురుబలంలో ఎక్కువ భాగం మెట్టు ద్వారా సీసా పెదవి మీద కిందికి పడుతోంది. చేతికి తెలిసేది నాలుగో వంతు మాత్రమే, మిగతాది మీటదే భారం. అంటే గాజు మీద నొక్కుడు పడుతోంది తప్ప సాగదీత పడటం లేదు. గాజు గుణం తెలిసినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. నొక్కితే గాజు ఎంతో తట్టుకుంటుంది, సాగదీస్తే చాలా తొందరగా పగులుతుంది. పైగా ఇనుము వంగి హెచ్చరిస్తుంది, కర్ర పటపటమని హెచ్చరిస్తుంది, గాజు ఏ హెచ్చరికా ఇవ్వదు. బాగున్నట్టే ఉండి మరుక్షణం పెంకులవుతుంది.

ఇప్పుడు బూటు దగ్గరికి వద్దాం. అందులో బిరడాను ఎవరూ లాగడం లేదు. వేగంగా వెళ్లిన సీసా గోడ దగ్గర ఠక్కున ఆగుతుంది, లోపలి వైన్ ఆగదు. ఆ కుదుపుకు ద్రవంలో ఒత్తిడి అల పుడుతుంది, బుడగలు పుట్టి చప్పున కూలిపోతాయి, అవి కూలినప్పుడు మళ్లీ ఒత్తిడి. కుళాయి ఠక్కున కట్టేస్తే గోడలో పైపు అదిరేదీ ఇలాంటి ఒత్తిడి వల్లే. దెబ్బదెబ్బకూ ఆ అల బిరడాను కొంచెం కొంచెం బయటికి తోస్తుంది. చివరికి బిరడా రావడం నిజమే, నేను కాదనను. కానీ ద్రవంలో పుట్టిన ఒత్తిడి బిరడా ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోదు. అడుగు మీద, పక్కల మీద, భుజాల మీద, అన్ని వైపులా పడుతుంది. పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పిన సంగతి ఇది.

నీళ్లు నింపిన బీరు సీసా నోటి మీద అరచేత్తో కొడితే అడుగు గుండ్రంగా ఊడిపడే ఆట చాలామంది చూసే ఉంటారు. 2017లో అమెరికా, జపాన్ పరిశోధకులు కలిసి, ఇలాంటి కుదుపుకు ద్రవంలో బుడగలు ఎప్పుడు పుడతాయో లెక్కగట్టి అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ప్రచురించారు. ఒక వీడియోలో సీసా అడుగు ఊడుతుంది, ఇంకో వీడియోలో బిరడా ఊడుతుంది. రెండింటిలోనూ పనిచేసేది ద్రవంలో పుట్టే ఆ ఒత్తిడే. ఏది ముందు ఊడుతుందన్నది కొట్టేవాడి నేర్పు మీద ఆధారపడి లేదు. ఫ్యాక్టరీ నుంచి మన ఇంటిదాకా అట్టపెట్టెల్లో ఒరుసుకుంటూ వచ్చిన ఆ గాజు మీద కంటికి కనిపించని గీత ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉంది.

బూటు దెబ్బను మెత్తబరుస్తుంది కాబట్టి భయం లేదని వాదిస్తారు. దెబ్బ నిజంగా మెత్తబడితే లోపల అల పుట్టదు, బిరడా కదలదు. బిరడా కదిలేంత గట్టిగా కొట్టారంటే గాజుకూ అంత గట్టిగా తగిలినట్టే. ఈ రెండూ విడదీయడానికి వీల్లేదు. అందుకే ఈ పద్ధతిని జాగ్రత్తగా చేయడమన్నది లేదు.

సైకిల్ పంపు గురించి ఇంకా తీవ్రంగా చెప్పాలి. చిన్న లెక్క వేద్దాం. మెడ వ్యాసం 18.5 మిల్లీమీటర్లయితే బిరడా అడుగు వైశాల్యం సుమారు 2.7 చదరపు సెంటీమీటర్లు. బిరడా 20 కిలోల బలానికే కదులుతుందనుకున్నా, గాలితో కింది నుంచి తోయాలంటే చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోల పైన ఒత్తిడి కావాలి. 30 కిలోలు అడిగే బిరడా అయితే 11 కిలోలు. కారు టైరులో ఉండేది రెండు కిలోల చిల్లర. షాంపేన్ సీసాలో గాలి ఒత్తిడికి ఐదారు రెట్లు ఉంటుంది, దాన్ని తట్టుకోవడానికే ఆ సీసాను 800 గ్రాములకు పైగా గాజుతో మందంగా పోస్తారు. అలాంటి పని కోసం పోయని పల్చని సీసాలో షాంపేన్‌ను మించిన ఒత్తిడి నింపి, దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చోమంటున్నారు. గాలి ద్రవంలా కాదు, నలిగి శక్తిని దాచుకుంటుంది. సీసా పగిలితే ఆ శక్తంతా పెంకులను విసరడానికే పోతుంది. ఇదే పద్ధతిలో పనిచేసే సూది పంపు ఓపెనర్లు బజార్లో దొరుకుతాయి. వాటినీ నేను సమర్థించను.

మెడ కాల్చడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గాజు ఒకవైపు కాగి, ఒకవైపు చల్లగా ఉంటే పగులుతుంది, వంటింట్లో గాజు గ్లాసులో మరుగుతున్న నీళ్లు పోసిన ఎవరికైనా తెలుసు. కత్తి మాత్రం రోజూ జరిగే ప్రమాదం. బిరడాలోకి కత్తి దింపి తిప్పేటప్పుడు రెండో చెయ్యి సీసా మెడను పట్టుకుని ఉంటుంది. బిరడా ఒక్కసారిగా తిరిగినా, ముక్కగా ఊడినా కత్తి జారేది ఆ చేతి మీదికే. అరచేతిలో నరాలు, వేళ్లను మడిచే స్నాయువులు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. తెగిన స్నాయువును కుట్టినా వేలు మునుపటిలా మడవడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు.

‘మేం చేశాం, ఏమీ కాలేదు’ అనేవాళ్ల మాట అబద్ధం కాదు. చాలాసార్లు ఏమీ కాదు కూడా. కానీ ఈ వాదనలో చూడాల్సింది ఎన్నిసార్లు పనిచేసిందన్నది కాదు, చేయనిసారి పోయేది ఎంతన్నది. గెలిస్తే ఒక గ్లాసు వైన్. ఓడితే వేలు మడవలేని చెయ్యి, లేదా కన్ను. ఇంకో మాట ఎవరూ చెప్పరు. సీసా పూర్తిగా పగలకపోవచ్చు, పెదవి దగ్గర చిన్న పెచ్చు లేచిపోవచ్చు, సన్నని గాజు నలుసు లోపల పడొచ్చు. ఎర్రని వైన్‌లో ఆ నలుసు కనిపించదు. గుడ్డలో వడపోసినా అన్నీ ఆగుతాయన్న భరోసా లేదు. పెదవి పెచ్చులేచిన సీసాలోని వైన్‌ను మేం ఎంత ఖరీదైనదైనా పారబోస్తాం. ఇంట్లో ఎంతమంది పారబోస్తారు? అంతసేపూ కొట్టి, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టాక?

ఇక ‘పూర్వం ఇవన్నీ ఉన్నాయా, వాళ్లు తాగలేదా’ అనే వాదన. పూర్వం బిరడా పూర్తిగా లోపలికి పోయేది కాదు. కొంత బయట ఉండేట్టు కోసుకుని చేత్తోనే లాగేవారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో బొగ్గు కొలిమిలో గట్టి సీసాలు పోయడం వచ్చాక బిరడాను అంచుకు సమంగా దిగ్గొట్టడం, సీసాను పడుకోబెట్టి నిలవచేయడం అలవాటైంది. అలా దిగ్గొట్టిన బిరడాను తీయడానికి తుపాకీ గొట్టంలో ఇరుక్కున్న గుండ్లు, గుడ్డపేలికలు లాగే మరతీగను పోలిన పనిముట్టు వచ్చింది. 1795లో శామ్యూల్ హెన్షాల్ అనే ఇంగ్లిష్ మతబోధకుడు కార్క్‌స్క్రూకు మొదటి పేటెంట్ తీసుకున్నాడు. మరతీగకూ పిడికీ మధ్య ఆయన ఒక బిళ్ల అమర్చాడు. మర పూర్తిగా దిగాక ఆ బిళ్ల బిరడాను పట్టి తిప్పుతుంది, గాజుకు అంటుకున్న పట్టు ముందు వదులుతుంది, ఆ తర్వాత లాగడం తేలిక. అంటే గట్టిగా దిగిన బిరడా, దాన్ని తీసే పనిముట్టు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకటి ఉంచుకుని రెండోదాన్ని ఆడంబరమని తీసిపారేయడం కుదరదు.

గొప్ప హోటళ్లలో కత్తితో షాంపేన్ మెడ ఎగరగొట్టరా, పోర్ట్ వైన్ సీసా మెడను కాల్చి విరగ్గొట్టరా అని ఇంకొందరు అడుగుతారు. రెండూ నిజమే, రెండూ నా మాటకే బలం. ముదురు పోర్ట్ సీసాలో బిరడా పొడిపొడిగా రాలిపోయే స్థితిలో ఉంటుంది కాబట్టి మర దిగదు. అప్పుడు మెడ చుట్టూ సరిగ్గా పట్టే ఇనుప పట్టకారును ఎర్రగా కాల్చి కాసేపు పట్టి, వెంటనే తడిగుడ్డ చుడితే మెడ ఒకే గీతలో విరుగుతుంది. అది పనిముట్టు లేకుండా చేసే పని కాదు, ఆ ఒక్క పనికే చేసిన పనిముట్టుతో చేసే పని. షాంపేన్ కత్తి పనిచేసేది లోపల అంత ఒత్తిడి ఉంది కాబట్టి, సీసా అతుకు గీత పెదవిని కలిసే బలహీనమైన చోట తగిలిస్తారు కాబట్టి. మామూలు వైన్ సీసాకు ఆ ఒత్తిడి లేదు. షాంపేన్ సీసాకైనా నిదానంగా చేత్తో తీయడమే నేను నేర్పుతాను. బిరడాను కదలకుండా పట్టుకుని సీసాను తిప్పాలి, మూతి మనుషుల వైపు ఉండకూడదు. కంటి వైద్యులు ఏటా పండగల ముందు హెచ్చరించేది షాంపేన్ బిరడా గురించే.

మనవాళ్ల వాదనల్లో నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. లేమిలోంచి పుట్టిన తెలివి మన గొప్పతనమని, ఉన్నదాంతో పని నడిపించడం మన నెత్తురులోనే ఉందని గర్వంగా చెబుతారు. ఆ తెలివిని నేను గౌరవిస్తాను. పైరు ఎండిపోతుంటే తెగిన పైపుకు ట్యూబు ముక్క చుట్టి నీళ్లు పారించిన రైతుకు వేరే దారి లేదు, ఆలస్యమైతే పంట పోతుంది. వైన్ సీసా దగ్గర అలాంటి అవసరం ఏముంది? అది మందు సీసా కాదు. పిల్లలకు పాలూ కాదు. ఈ రాత్రి తెరవకపోతే రేపు తెరవొచ్చు. రేపు కాకపోతే వచ్చే నెల. ఏళ్ల తరబడి ఉండాలనే ఆ బిరడా అంత గట్టిగా దిగింది. అవసరం లేనిచోట ప్రమాదం కొని తెచ్చుకుని దానికి అవసరంలో పుట్టిన తెలివి పేరు పెట్టడం ఆ రైతు తెలివిని తక్కువ చేయడమే.

ఆ బిరడా వెనక ఉన్న పని కూడా చిన్నది కాదు. ప్రపంచంలో కార్కులో సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టుకు పాతికేళ్లు వచ్చాకే మొదటి బెరడు తీస్తారు. తర్వాత తొమ్మిదేళ్లకోసారి. సీసా బిరడాకు పనికొచ్చే నున్నని బెరడు మూడో కోతలో గానీ రాదు, అంటే చెట్టుకు నలభై దాటాక. గొడ్డలితో బెరడును మాత్రమే కోసి లోపలి పొర గాయపడకుండా తీస్తారు, చెట్టును నరకరు. తీసిన ఏడాది చివరి అంకెను మాను మీద తెల్లరంగుతో రాసి వదిలేస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలో తెలియడానికి.

మరి పనిముట్టు లేదు, సీసా తెరవాల్సిందే, అంటే ఏం చేయాలి? ఒక్క దారి ఒప్పుకుంటాను. పెద్ద చుట్లున్న పొడవాటి మరమేకును బిరడాలోకి నిటారుగా తిప్పి, తల కొంచెం బయట ఉంచి, కటింగ్ ప్లయర్‌తోనో సుత్తి వెనక కొమ్ములతోనో మెల్లగా పైకి లాగండి. ఇక్కడ బలం బిరడా మీదే పడుతోంది, గాజుకు దెబ్బ లేదు. చేసింది కార్క్‌స్క్రూ చేసే పనే, అప్పటికప్పుడు తయారుచేసుకున్నారంతే. మరమేకు లావుగా ఉంటుంది కాబట్టి బిరడా చీలొచ్చు, పొట్టు వైన్‌లో పడొచ్చు. పొట్టు వడపోస్తే పోతుంది.

బిరడాను లోపలికి తోసేయడం చాలామంది దృష్టిలో అన్నిటికంటే సాధువైన పద్ధతి. అంత సాధువు కాదు. గోలీ సోడాలో మూతను లోపలికి నొక్కడమే పద్ధతి, అవును. కానీ 1872లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఆ సీసాను మందమైన గాజుతో, గోలీ దిగి నిలవడానికి మెడలో నొక్కులు పెట్టి పోశారు. వైన్ సీసాలో బిరడాకూ వైన్‌కూ మధ్య వేలు మందం గాలి మాత్రమే ఉంటుంది. బిరడా దిగేకొద్దీ ఆ గాలి నలిగి ఒత్తిడి పెరుగుతుంది, బిరడా ఒక్కసారిగా వదిలినప్పుడు వైన్ ముఖానికి కొడుతుంది. తోయక తప్పదనుకునేవాళ్లు మందపాటి తువ్వాలు చుట్టి, సీసాను సింకులో నిలబెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, చెక్క గరిటె పిడితో కొద్దికొద్దిగా తోయాలి. నేనైతే ఆ పనీ చేయొద్దనే అంటాను.

అసలు మన ఇళ్లలో కార్క్‌స్క్రూ ఉండకపోవడానికి కారణం తేలిక. మన వైన్ షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయే బీరుకు రేకు మూత, విస్కీకీ బ్రాందీకీ తిప్పుడు మూత. కార్కు సీసా మనింటికి వచ్చేది ఎక్కువగా బహుమతిగానే, విదేశాల నుంచి వచ్చిన బంధువు చేతిలోనో, ఆఫీసు దీపావళి డబ్బాలోనో. తెరవడం రానివాళ్లకు తిప్పుడు మూత వైన్ తీసుకోమని సలహా ఇస్తే చాలామంది చిన్నచూపు చూస్తారు. అదీ తప్పే. ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ చేసేవాళ్లు 2000లో కలిసికట్టుగా తిప్పుడు మూతకు మారారు. మరుసటి ఏడాది న్యూజిలాండ్ వైన్‌దారులు అదే బాట పట్టారు, ఇప్పుడు అక్కడి వైన్‌లో అత్యధిక భాగం ఆ మూతతోనే వస్తోంది. వాళ్లు అలా మారింది చవక అని కాదు. కార్కులో పుట్టే ఒక రసాయనం వల్ల వైన్‌కు తడి అట్ట వాసన పడుతోందని. మన నాసిక్ సూలా సీసాలు కూడా చాలావరకు తిప్పుడు మూతవే. చేత్తో తిప్పితే వచ్చేస్తుంది, దాన్ని చూసి మొహం చిట్లించాల్సిన పనిలేదు.

ప్రయాణంలో పనిముట్టు ఎలా మోసుకెళ్తామని అమెరికాలోని మన పిల్లలు అడుగుతుంటారు. అక్కడి విమానాల్లో కత్తి లేని కార్క్‌స్క్రూను చేతిసంచిలో పెట్టుకోనిస్తారు, కత్తి ఉన్నదైతే చెక్-ఇన్ సామానులో వేయాలి. మడిస్తే అరచేతిలో ఇమిడే వస్తువు అది. గది అద్దెకు తీసుకున్నప్పుడు ఇంటివాళ్లను అడిగినా ఇస్తారు, పక్క గదివాళ్లను అడిగినా ఇస్తారు. అడగడానికి సిగ్గుపడి గోడకేసి కొట్టుకోవడమే నాకు అర్థం కాని విషయం.

కార్కు సీసా బహుమతిగా ఇచ్చేవాళ్లకు నా కోరిక ఒకటే. దానితోపాటు రెండు మెట్ల మడత ఓపెనర్ ఒకటి పెట్టి ఇవ్వండి. ఆ సీసా ధరలో అది చిన్న భాగం, ఒకసారి ఇంట్లోకి వస్తే ఏళ్లకేళ్లు ఉంటుంది. దుకాణాలవాళ్లు కార్కు సీసాలు పెట్టిన అరలోనే ఓపెనర్లూ వేలాడదీయాలి, బిల్లు వేసేటప్పుడు ఇంట్లో ఉందా అని అడగాలి. వీడియోలు చేసే కుర్రాళ్లు ఒక్కసారి బూటు పక్కన పెట్టి, మరమొనను ఎక్కడ ఆనించాలో, ఎన్ని చుట్ల దగ్గర ఆపాలో, రెండో మెట్టుకు ఎప్పుడు మారాలో చూపించే వీడియో చేయండి. అదీ అర నిమిషంలో అయిపోతుంది.